‘ఒకవేళ’ అన్న ప్రశ్న – 1939–41 నాటి మైత్రులు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో విద్యాసదస్సు నాడు ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో ప్రధానోపాధ్యాయిని మాట్లాడవలసి వచ్చినపుడు పాఠశాల పుట్టుపూర్వోత్తరాలు, ఉత్తీర్ణతా శాతాలు, భవన నిధి అవసరాలు – ఈ మూడూ చెప్పి కూర్చోవడం ఆనవాయితీ. ఆ మూడింటినీ కార్యదర్శిగారి నివేదికలో మీరు ఇప్పుడే విన్నారు. కనుక నాకు లభించిన ఈ అరగంటను నా అసలు వృత్తికి, అంటే చరిత్ర పాఠానికి వినియోగించుకోవడానికి అనుమతించండి. కార్యాలయపు పనులు ఎన్ని ఉన్నా తొమ్మిది, పది తరగతులకు చరిత్ర చెప్పడం నేను మానుకోలేదు.

ఆ తరగతులలో శనివారం చివరి పీరియడును నేను ఒక ప్రశ్నకు కేటాయిస్తాను. జరిగిన సంఘటన ఒకటి తీసుకొని, అది ఒకవేళ మరొక విధంగా జరిగి ఉంటే ఏమయ్యేదని పిల్లలను అడుగుతాను. దీనిపై కొందరు తల్లిదండ్రులు నాతో తమ అభ్యంతరాన్ని మర్యాదగానే తెలియజేశారు. పరీక్షలో రాని ప్రశ్నకు ఒక పీరియడు ఎందుకని వారి వాదన. మా ఉపాధ్యాయుల గదిలోనూ ‘అత్తకు మీసాలుంటే మామ’ అన్న సామెత నాకు అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ అభ్యంతరాలకు నా సమాధానమే ఈ ప్రసంగం. ఉదాహరణగా రెండవ ప్రపంచ యుద్ధం తొలి రెండేళ్లను తీసుకుంటాను.

పాఠ్యపుస్తకంలో ఆ యుద్ధానికి సంబంధించి ఒక పట్టిక ఉంటుంది. ఒక వైపు అక్షరాజ్యాలు: జర్మనీ, ఇటలీ, జపాను. మరొక వైపు మిత్రరాజ్యాలు: బ్రిటన్, సోవియట్ యూనియన్, అమెరికా మొదలైనవి. పిల్లలు దీనిని కబడ్డీ జట్లను గుర్తు పెట్టుకున్నట్లు గుర్తు పెట్టుకుంటారు. ఆట మొదలు కాకముందే జట్లు నిర్ణయమైపోయాయని వారి భావన. వాస్తవమేమంటే, 1939 ఆగస్టు 23 నుండి 1941 జూన్ 22 వరకు, అంటే సుమారు 22 నెలలపాటు, ఆ పట్టిక ఆ రూపంలో లేదు. సోవియట్ యూనియన్ ఆ కాలమంతా జర్మనీతో అనాక్రమణ సంధిలో ఉంది. కేవలం ఊరకుండే సంధి కూడా కాదు. 1940 ఫిబ్రవరి 11 నాటి వాణిజ్య ఒప్పందం ప్రకారం 10 లక్షల టన్నుల ధాన్యాన్ని, 9 లక్షల టన్నుల చమురును జర్మనీకి పంపడానికి సోవియట్ ప్రభుత్వం అంగీకరించింది. ఇటలీ సంగతి మరొక రకం. 1939 మే నెలలో జర్మనీతో ‘ఉక్కు ఒడంబడిక’ కుదుర్చుకొని కూడా సెప్టెంబరులో యుద్ధంలో దిగలేదు. ఫ్రాన్సు కూలిపోతున్న 1940 జూన్ 10 వరకు గోడమీదనే కూర్చుంది. సోవియట్ సేనలతో మంగోలియా సరిహద్దులో పోరాడుతున్న జపాను, తన మిత్రుడైన జర్మనీ అదే సోవియట్‌తో సంధి చేసుకున్నదని విని నిర్ఘాంతపోయింది. అక్కడి మంత్రివర్గమే రాజీనామా చేసింది.

ఈ సంధి ఎలా వచ్చిందన్న చోట పిల్లలు మొదటి ‘ఒకవేళ’ను పట్టుకుంటారు. 1939 వేసవిలో బ్రిటన్, ఫ్రాన్సు కూడా మాస్కోతో సైనిక కూటమికై చర్చలు జరిపాయి. వారి ప్రతినిధి వర్గం ఆగస్టు 5న నెమ్మదిగా సాగే ఓడలో బయలుదేరి 11న మాస్కో చేరింది. బ్రిటిష్ వర్గానికి నాయకుడైన అడ్మిరల్ డ్రాక్స్ చేతిలో సంతకం చేసేందుకు లిఖితపూర్వకమైన అధికారమే లేదు. ఓడలో కాక విమానంలో వెళ్లి ఉంటేనో అని ప్రతి సంవత్సరం ఎవరో ఒక కుర్రవాడు లేచి అడుగుతాడు. కుర్రవాళ్లకు విమానాలంటే మోజు. అప్పుడు నేను వారిని రెండవ ప్రశ్న అడుగుతాను: ఆ చర్చలు ఆగినది ఎక్కడ? సోవియట్ సేనాధిపతి వొరొషిలోవ్ అడిగిన దానికి సమాధానం రానందువల్ల ఆగాయి. జర్మనీతో పోరాడాలంటే మా సేనలు పోలండు, రుమేనియా భూముల మీదుగా నడవాలి, ఆ దేశాలు అంగీకరిస్తాయా అని ఆయన అడిగాడు. పోలండు అంగీకరించలేదు. 123 సంవత్సరాలు పొరుగువారు పంచుకొని ఏలిన దేశమది. 1918లో లేచి నిలబడి, 1920లో సోవియట్ సేనలను వార్సా ముంగిట ఆపింది. అదే సేనను తలుపు తీసి లోపలికి రమ్మనడం దానికి సాధ్యమేనా? విమానంలో వెళ్లినా ఈ ప్రశ్నే ఎదురయ్యేది, ఆరు రోజులు ముందుగా. కనుక ఆ ‘ఒకవేళ’కు బలం తక్కువ. ఈ సంగతి నేను చెప్పకుండా పిల్లలే వాదించుకొని తేల్చుకున్న నాడు ఆ పీరియడు సార్థకమైందని భావిస్తాను.

ఆగస్టు 23 నాటి సంధికి ఒక రహస్య అనుబంధం ఉన్నదని కూడా చెప్పాలి. పోలండును, ఫిన్లండును, ఎస్టోనియా, లాట్వియాలను ఎవరి పలుకుబడి ఎక్కడివరకో అందులో గీతలు గీసి పంచుకున్నారు. దాని ఉనికిని సోవియట్ ప్రభుత్వం 1989 వరకు అంగీకరించలేదు. నేను విద్యార్థినిగా చదివిన పుస్తకాలలో ఆ మాటే లేదు. సెప్టెంబరు 1న జర్మనీ పడమటి నుండి, 17న సోవియట్ యూనియన్ తూర్పు నుండి పోలండులో ప్రవేశించాయి. బ్రిటన్, ఫ్రాన్సు జర్మనీపై మాత్రమే యుద్ధం ప్రకటించాయి. ఇద్దరు దురాక్రమణ చేస్తే ఒకరిమీదనే ఎందుకని పిల్లలు అడగక మానరు. పోలండుకు బ్రిటన్ ఇచ్చిన హామీ జర్మనీకి మాత్రమే వర్తిస్తుందని ఆ ఒప్పందపు రహస్య భాగంలో రాసుకున్నారు. అంతకు మించి, ఒక శత్రువుండగా రెండవ శత్రువును ఎవరు కోరుకుంటారు?

అయితే, కోరుకున్నంత పని చేశారు. నా ఉద్దేశంలో ఆ యుద్ధం మొత్తంలో అసలైన ‘ఒకవేళ’ ఇక్కడున్నది.

1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లండుపై దాడి చేశాయి. ఆ దేశ జనాభా అప్పుడు 37 లక్షలు. డిసెంబరు 14న నానాజాతి సమితి సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది. మంచులో తెల్లని దుస్తులతో పోరాడుతున్న ఫిన్నులపై ప్రపంచమంతటా సానుభూతి పొంగింది. 1940 ఫిబ్రవరి 5న బ్రిటన్, ఫ్రాన్సుల ఉన్నత యుద్ధ మండలి ఫిన్లండుకు సేనలను పంపాలని నిర్ణయించింది. దారి ఏది? నార్వేలోని నార్విక్ రేవులో దిగి, స్వీడన్ మీదుగా. ఆ దారిలోనే గాలివరె ఇనుప గనులున్నాయి. జర్మనీ కర్మాగారాలకు అవసరమైన ముడి ఇనుములో పెద్ద భాగం అక్కడిదే. ఫిన్లండుపై ప్రేమ ఎంత, ఇనుముపై ప్రేమ ఎంత అని నేను తూచి చెప్పను, తక్కెడ ఎటు మొగ్గుతుందో మీరే ఊహించగలరు. నార్వే, స్వీడన్ దారి ఇవ్వమన్నాయి. ఈ లోపల ఫిన్లండు శక్తి ఉడిగి, మార్చి 12న మాస్కోలో సంధిపై సంతకం చేసింది. సుమారు 25 వేల మంది మరణించారు. దేశంలో పదింట ఒక వంతు పోయింది. ఆ పోయిన భాగం నుండి 4 లక్షల మందికి పైగా ఇళ్లు విడిచి వచ్చేశారు. సహాయం చేయలేకపోయిన అపఖ్యాతితో ఫ్రెంచి ప్రధాని దలాదియే ఆ నెలలోనే పదవి వదులుకున్నాడు.

ఇక బాకు. కాస్పియన్ సముద్రతీరంలోని ఆ నగరంలో సోవియట్ చమురులో అత్యధిక భాగం లభించేది. సిరియా, ఇరాక్ స్థావరాల నుండి విమానాలు పంపి బాకు చమురు బావులను, శుద్ధి కర్మాగారాలను దగ్ధం చేస్తే జర్మనీకి చమురు అందదు, సోవియట్ యూనియన్ కూలబడుతుంది అని బ్రిటన్, ఫ్రాన్సు సైనికాధికారులు పథకం వేశారు. ఇది పుకారు కాదు. 1940 మార్చి 30న ఇరాక్‌లోని హబ్బానియా నుండి బయలుదేరిన బ్రిటిష్ విమానం బాకు మీద ఎగిరి ఛాయాచిత్రాలు తీసుకొని వచ్చింది. ఏప్రిల్ 5న బాతూమి మీద మరొకటి. ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్కు, నార్వేలపై పడింది. మే 10న ఫ్రాన్సు వైపు కదిలింది. పథకం కాగితాల మీదనే ఉండిపోయింది. ఆ కాగితాలు జూన్ నెలలో ఫ్రాన్సులో ఆగిపోయిన ఒక రైలులో జర్మనుల చేతికి చిక్కాయి. వారు వాటిని అచ్చువేసి లోకమంతటికీ చూపించారు.

జర్మనీ మరికొన్ని నెలలు ఆలస్యం చేసి, ఈ లోపల బాకుపై బాంబులు పడి ఉంటే? తరగతిలో ఈ ప్రశ్న వేసినపుడు నేను ఒక నియమం పెడతాను. ఆనాటి మనుషుల బల్లమీద నిజంగా ఉన్న కాగితాన్నే మనం తీసుకోవాలి, మన కోరికను కాదు. మార్చేది ఒక్క సంగతే కావాలి. ఆ తరువాత మెట్టు మెట్టుగా దిగాలి. మొదటి మెట్టు: సోవియట్ యూనియన్ బ్రిటన్‌తో యుద్ధంలోకి వస్తుంది. ఇందులో సందేహం లేదు. రెండవ మెట్టు: జర్మనీతో దాని అనాక్రమణ సంధి యుద్ధ మైత్రిగా మారే అవకాశం చాలా ఎక్కువ. జూన్‌లో ఫ్రాన్సు లొంగిపోయిన తరువాత బ్రిటన్ ఇద్దరిని ఒంటరిగా ఎదుర్కోవలసి వచ్చేది. మూడవ మెట్టు దగ్గర నేను సుద్దముక్క కింద పెట్టేస్తాను. బ్రిటన్ లొంగిపోయేదా, హిట్లర్ ఆనక సోవియట్ మీద పడేవాడు కాదా, అమెరికా ఏం చేసేది – ఇవి చెప్పగలనన్నవారు చరిత్ర కాదు, జాతకం చెబుతున్నారు. రెండు మెట్లు చాలు. ఆ రెండు మెట్లు దిగి చూస్తేనే తెలుస్తుంది, పాఠ్యపుస్తకంలోని ఆ రెండు నిలువు వరుసలు ఎంత సన్నని దారం మీద వేలాడుతూ వచ్చాయో.

ఒక సంవత్సరం పదవ తరగతి బాలిక లేచి అడిగిన ప్రశ్న నేను మరువలేదు. “టీచర్, బాకు మండితే మనకేమయ్యేది?” అని. మనకంటే ఎవరికమ్మా అన్నాను. “ఇండియాకు” అన్నది. ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నది. 1939–40లో భారత సైన్యపు ఉన్నతాధికారుల దృష్టి ప్రధానంగా వాయవ్య సరిహద్దు మీద, దాని ఆవల అఫ్ఘనిస్తాన్ మీదుగా రాగల సోవియట్ దాడి మీద ఉండేది. బాకు పథకం జరిగి ఉంటే ఆ భయం నిజమయ్యేది. ఈజిప్టుకు, ఎరిత్రియాకు వెళ్లిన మన సిపాయిలలో చాలామంది ఖైబరు వైపు నడిచేవారు.

అయితే ఆ ప్రశ్నలో మరొక ముల్లు ఉన్నది. ఫిన్లండు చిన్న దేశమైనా లొంగాలా, పోరాడాలా అని తానే నిర్ణయించుకున్నది. పోలండు తలుపు తీయనన్నది. స్వీడన్ దారి ఇవ్వనన్నది. వారి నిర్ణయాలు మంచివో చెడ్డవో, వారివి. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకులను ఎవరినీ సంప్రదించకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మన మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరు చివరలో తప్పుకున్నది. యుద్ధం ముగిసేనాటికి 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. ‘మేము ఎవరి పక్షం?’ అన్న ప్రశ్నను వారి దేశం వేసుకునే వీలే లేకపోయింది. మన తరగతిలో ‘ఒకవేళ’ అని ఆడుకుంటున్నాము కాని, అలా అనగలగడం కూడా స్వతంత్రులకు దక్కే హక్కేనని ఆ బాలికకు చెప్పాను. ఆమె ఎంతవరకు అంగీకరించిందో తెలియదు. మరునాడు మరొక ప్రశ్నతో వచ్చింది.

మనలను అడగకుండా మనలను పంచుకోబోయిన ఘట్టం కూడా ఒకటి ఉన్నది. 1940 నవంబరు 12, 13 తేదీలలో సోవియట్ విదేశాంగమంత్రి మొలొటోవ్ బెర్లినుకు వచ్చాడు. జర్మనీ, ఇటలీ, జపానుల త్రైపాక్షిక ఒడంబడికలో నాలుగవ భాగస్వామిగా చేరమని రిబ్బెన్‌ట్రాప్ ఆహ్వానించాడు. అందుకు ప్రతిఫలంగా సోవియట్ విస్తరణకు చూపిన దిక్కు ఏది? దక్షిణాన, హిందూ మహాసముద్రం వైపు. సమావేశాల మధ్య బ్రిటిష్ బాంబర్లు వచ్చినందువల్ల ఇద్దరు మంత్రులూ నేలమాళిగలోకి వెళ్లవలసి వచ్చిందట. బ్రిటన్ పని అయిపోయిందని రిబ్బెన్‌ట్రాప్ అంటే, అలాగైతే మనమిక్కడ ఎందుకున్నాము, పైన పడుతున్న బాంబులెవరివని మొలొటోవ్ అడిగాడట. ఇది స్టాలిన్ తనతో చెప్పాడని చర్చిల్ రాసుకున్నాడు. స్టాలిన్ ఆ ఆహ్వానాన్ని కాదనలేదన్నది ముఖ్యం. నవంబరు 25న తన షరతులు పంపాడు. ఫిన్లండు నుండి జర్మన్ సేనలు తొలగాలి, టర్కీ జలసంధుల వద్ద తమకు స్థావరం కావాలి, బాతూమి, బాకులకు దక్షిణంగా పర్షియన్ సింధుశాఖ దిక్కును తమ ఆకాంక్షలకు కేంద్రంగా గుర్తించాలి అని వాటి సారాంశం. హిట్లర్ సమాధానమే ఇవ్వలేదు. డిసెంబరు 18న సోవియట్‌పై దాడికి ఆదేశం సంతకం చేశాడు.

ఇది మరో గొప్ప ‘ఒకవేళ’ అని చాలామంది రచయితలు భావిస్తారు. హిట్లర్ అంగీకరించి ఉంటే అని గ్రంథాలే రాశారు. నేను ఏకీభవించను. తూర్పున భూమిని గెలుచుకోవడమే తన ధ్యేయమని అతడు 15 ఏళ్ల ముందే అచ్చువేసుకున్నాడు. మొలొటోవ్ బెర్లినుకు రావడానికి మూడు నెలలకు పూర్వమే, జూలై చివరలో, దాడి సంగతి తన సేనాధిపతులతో మాట్లాడాడు. బాకు పథకం గడియ తీసి ఉన్న తలుపు. బెర్లిను చర్చలు గోడ మీద గీసిన తలుపు బొమ్మ. రెంటికీ తేడా పోల్చుకోవడం పిల్లలకు అలవాటైతే, వార్తాపత్రిక చదివేటప్పుడు కూడా ఆ అలవాటు వారిని విడిచిపోదు.

1941 జూన్ 22న జర్మన్ సేనలు సోవియట్ సరిహద్దు దాటాయి. ఆ రాత్రే చర్చిల్ రేడియోలో సోవియట్ ప్రజలకు అండగా ఉంటామని ప్రకటించాడు. జూలై 12న రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పదిహేను నెలల క్రితం ఎవరి చమురు తగలబెట్టాలని చిత్రాలు తీశారో వారికే ఇప్పుడు విమానాలు పంపారు. ఎవరికోసం సేనలు సిద్ధం చేశారో ఆ ఫిన్లండు, పోయిన భూమికై జర్మనీతో కలిసి పోరాడుతున్నందున, 1941 డిసెంబరు 6న బ్రిటన్ దానిమీదనే యుద్ధం ప్రకటించింది. మన దేశంలో అంతవరకు ‘సామ్రాజ్యవాద యుద్ధం’ అన్న కమ్యూనిస్టులు ఆ సంవత్సరాంతానికి దానినే ‘ప్రజాయుద్ధం’ అన్నారు. 1942 జూలైలో వారి పార్టీపై నిషేధం తొలగింది. ఆంధ్ర ప్రాంతంలో ఆ మాట తెచ్చిన తగవులు ఎన్ని ఇళ్లలో అన్నం దగ్గర సాగాయో మన పెద్దవారు చెప్పగా విన్నవారు ఈ సభలో ఉంటారు. సుభాష్ చంద్రబోస్ కాబూలు నుండి మాస్కో మీదుగా 1941 ఏప్రిల్ మొదట్లో బెర్లిను చేరుకోగలిగారంటే జర్మనీ, సోవియట్‌ల మధ్య ఆ సంధి ఇంకా బ్రతికి ఉన్నందువల్లనే. మూడు నెలలు ఆలస్యమైతే ఆ మార్గమే లేదు. తిరిగి రావలసి వచ్చినపుడు, 1943లో, ఆయన జలాంతర్గామిలో రావలసి వచ్చింది.

తరువాతి కథ ఈ నగరానికి తెలిసినదే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ నెలలో జపాను దాడి భయంతో మద్రాసు నుండి ప్రజలు మూటాముల్లె కట్టుకొని రైళ్లలో, బండ్లలో లోపలి జిల్లాలకు తరలిపోయారు. మన పూర్వ విద్యార్థులలో కొందరి తాతముత్తాతలు ఆ విధంగా నెల్లూరు, కడప వైపు వెళ్లి తిరిగి వచ్చినవారే.

ఈ ప్రసంగానికి ఒక ఆధారాన్ని తొమ్మిదవ తరగతి విద్యార్థులు తయారు చేశారు. ప్రదర్శనశాలలో ప్రవేశద్వారానికి కుడి వైపు గోడకు మూడు పటాలు తగిలించి ఉన్నాయి. ఒకటి 1939 ఆగస్టు చివరిది, రెండవది 1940 ఏప్రిల్ మొదటిది, మూడవది 1941 ఆగస్టు చివరిది. రంగులు పూర్తిగా పిల్లలే వేశారు, నేను దిద్దలేదు. మూడవ పటంలో ఇరాన్ మీద రెండు బాణాలు కనిపిస్తాయి. ఆగస్టు 25న ఉత్తరం నుండి సోవియట్ సేనలు, దక్షిణం నుండి, పడమర నుండి బ్రిటిష్ సేనలు ఇరాన్‌లో ప్రవేశించాయి, సోవియట్‌కు యుద్ధసామగ్రి చేరవేసే దారి కోసం. ఆ దక్షిణపు బాణంలోని సైనికులలో అత్యధికులు భారతీయులు. బాణం కింద బాలికలు సన్నని అక్షరాలతో ‘మనవాళ్లు’ అని రాశారు. బాణం మొన మరికొంచెం పైకి పోతే తగిలేది బాకు. కాఫీ విరామంలో దయచేసి ఒకసారి చూడండి. పటాల దగ్గర నిలబడి ప్రశ్నలకు సమాధానం చెప్పేందుకు ముగ్గురు విద్యార్థులను ఉంచాను. వారిని ‘ఒకవేళ’ అని అడగడానికి సంకోచించవద్దు.